ఉపవాస కూడికలో పన్నెండుమంది దయ్యాలు

ఆ రోజుల్లో నాకు బతికున్నవాళ్ళతో పెద్దగా పని ఉండేది కాదు. పొద్దున లేచింది మొదలు చచ్చినవాళ్ళ గురించే ఆలోచన. వాళ్ళు ఎలా నడుస్తారు, కాలు ఈడుస్తారా, గాలిలో తేలుతూ వస్తారా, ఆకలేస్తుందా, వేస్తే ఏం తింటారు, వానలో తడిస్తే జలుబు చేస్తుందా, ఇవన్నీ తేల్చుకుంటే తప్ప నాకు టిఫిన్ దిగేది కాదు. (కంగారు పడకండి, అది నా ఉద్యోగం.) ఇప్పుడు తల్చుకుంటే ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను చూసి నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది. లోకంలో ఎవరికీ అక్కర్లేని పన్నెండుమంది దయ్యాల బాగోగులు తన నెత్తినే ఉన్నాయని నమ్మి, ఆ బరువుతోనే మల్కాజ్‌గిరిలో బస్సెక్కేది పాపం.

డిగ్రీ అయ్యాక తిరుమలగిరిలో ఒక మేడమీద, రెండు గదుల్లో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీలో చేరాను. కింద కుట్టుమిషన్ల రిపేరు షాపు, పైన మేము. ఆరుగురం కలిసి ఒక కొత్త లోకాన్ని పుట్టించాలి. దానికి 'నీరెండ దేశం' అని పేరు పెట్టింది నేనే. అక్కడ పొద్దు పూర్తిగా పొడవదు, పూర్తిగా కుంకదు. ఎప్పుడు చూసినా సాయంత్రం ఐదున్నరప్పటి వెలుతురే. అలాంటి చోట చచ్చినవాళ్ళకు మాత్రం ఇక పడుకునే వేళయిందని ఎలా తెలుస్తుంది? అందుకే వాళ్ళు లేచి తిరుగుతూ ఉంటారన్నది నా సిద్ధాంతం. ఆఫీసులో అందరూ వాళ్ళను 'అన్‌డెడ్' అనేవాళ్ళు. నేను నా నోట్సులో 'పడుకోనివాళ్ళు' అని రాసుకునేదాన్ని. అలాంటివాళ్ళను పన్నెండుమందిని తయారుచెయ్యడం, వాళ్ళను పడుకోబెట్టడానికి ఒక మంత్రవిద్య (ఆఫీసు భాషలో 'మ్యాజిక్ సిస్టమ్') కనిపెట్టడం, రెండూ నా పనే. మూడు నెలలు ట్రయల్. నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే ఇంటికి పంపిస్తారు.

మా బాసుకు మేం పెట్టుకున్న పేరు 'ఏం పోతది సార్'. ఏ మంత్రం చెప్పినా ఆయన మూడే ప్రశ్నలు అడిగేవాడు: "ఎవరు చేస్తరు? దేంతోని చేస్తరు? చేస్తే వాళ్ళది ఏం పోతది?" మొదటి రెంటికీ నా దగ్గర కావలసినన్ని జవాబులుండేవి. మూడోదాని దగ్గరే దొరికిపోయేదాన్ని. ఏడు రంగుల పొగలతో ఒక విద్య కనిపెట్టాను, ఆయన ఒప్పుకోలేదు. గంటల మోతతో ఇంకోటి కనిపెట్టాను, అదీ కుదరలేదు. చివరికి రావి ఆకుల మీద అక్షరాలు రాసి నీళ్ళలో వదిలే పద్ధతి ఒకటి తీసుకెళ్ళాను. ఆయన ఆసాంతం విని, టీ గ్లాసు పక్కన పెట్టి, "బొమ్మ మంచిగుంది. మరి ఏం పోతది?" అన్నాడు. "ఓపిక పోతుంది సార్" అన్నాను తెగించి. "ఓపిక అందరిది పోతది, నాది సుత పోతున్నది. ఏం పోకుంట వచ్చేది మంత్రం కాదమ్మా, పండగ ఆఫర్" అన్నాడు. ఆ మాటకు పక్క గదిలోవాళ్ళు కూడా నవ్వారు. ఆ వారం చివర, అంటే శుక్రవారం, నా మూడు నెలలూ పూర్తవుతాయి. ఆ రోజు పదకొండింటికి పన్నెండుమందినీ, వాళ్ళను పడుకోబెట్టే మంత్రాన్నీ ఆయన బల్ల మీద పెట్టాలి.

ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి చూసుకుందాం అనుకునే వీలు నాకు లేదు. మా అమ్మ బడిపంతులమ్మ. నాన్న రైల్వే ఉద్యోగం కోసం గుంటూరు వైపు నుంచి మల్కాజ్‌గిరి వచ్చి, ముప్ఫయ్యేళ్ళుగా అక్కడి పిల్లలకు తెలుగు చెబుతోంది. ఇంట్లో ఆదివారం గుడి (మేం చర్చిని గుడి అనే అంటాం), శుక్రవారం బడిలో క్లాసులు లేకుండా చూసుకుని అమ్మ వెళ్ళే స్త్రీల ఉపవాస కూడిక, పడుకునే ముందు కుటుంబ ప్రార్థన, వీటిలో ఏదీ తప్పేది కాదు. టీవీలో దయ్యం కనిపిస్తే చాలు, రిమోట్ ఎక్కడున్నా అమ్మ చేతిలోకి వచ్చేసేది. అలాంటి అమ్మతో "నేను దయ్యాలు గీస్తున్నాను" అని చెప్పడానికి ఎంత గుండె ఉండాలి? నాకు లేదు. "పిల్లల పాఠాలకు కంప్యూటర్లో బొమ్మలు గీస్తున్నాను" అని చెప్పాను. (బొమ్మలు నిజమే, కంప్యూటరూ నిజమే. నేను కలిపిన అబద్ధం రెండు మాటలే అని అప్పట్లో నా మనస్సాక్షికి సర్దిచెప్పుకునేదాన్ని.) అమ్మ కాసేపు ఆలోచించి ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది: "మూడు నెలలు చూడు. వాళ్ళు ఉంచుకోకపోతే మాత్రం నోరు మూసుకుని బీఎడ్‌లో చేరాలి." కాబట్టి బాసుకు నా దయ్యాలు నచ్చకపోయినా బీఎడ్డే, అమ్మకు వాటి సంగతి తెలిసినా బీఎడ్డే. నాకేమో చాక్‌పీసు వాసనంటేనే పడదు.

అయినా నేను భయపడుతూ గడిపానని చెబితే అబద్ధమవుతుంది. ఎక్కువసేపు కలల్లోనే ఉండేదాన్ని. చలికాలం పొద్దున బస్సు కంటోన్మెంటులోకి తిరగగానే పొడుగాటి ప్రహరీగోడలు, సున్నం కొట్టిన చెట్ల మొదళ్ళు, పొగమంచులో ఎవరూ లేని కవాతు మైదానం కనిపించేవి. అద్దానికి నుదురు ఆనించి చూస్తుంటే ఆ మంచులోంచి నావాళ్ళు ఒక్కొక్కరే నడిచి వచ్చేవాళ్ళు. గేటు దగ్గర నిలబడ్డ సిపాయికి పది అడుగుల దూరంలో, మూడొందల ఏళ్ళుగా కాపలా కాస్తున్న నా గవరయ్య నిలబడేవాడు. ఎడమ చెయ్యి లేదు, అయినా అలవాటుగా ఆ వైపు భుజం సర్దుకునేవాడు. నీళ్ళ ట్యాంకు కింద నా చంద్రవ్వ కూర్చునేది. ఒక్కోసారి స్టాపు దాటిపోయేది, కండక్టరు "అమ్మా, తిరుమలగిరి అయిపోయింది, నిద్రపోయినవా ఏంది?" అని అరిచేవాడు. దిగి వెనక్కి నడిచేదాన్ని. ఆ నడకలో ఇంకో దయ్యం తయారయ్యేది. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ పని చెయ్యలేదు.

ఇక చీటీల సంగతి చెప్పాలి, అసలు కొంప ముంచినవి అవే. ఏం పోతది సార్‌కు పేజీలకు పేజీలు రాస్తే గిట్టదు. ఒక్కొక్క దయ్యం ఒక్కొక్క చీటీ మీద ఉండాలి, పేరు, ఎక్కడుంటుంది, ఏం బాధ, అంతే. చీటీలన్నీ బల్ల మీద పరిచి అటూ ఇటూ జరుపుతూ చూస్తాడు. సరిగ్గా అలాంటి చీటీలే మా ఇంట్లో ఇంకో రకం ఉండేవి. మోండా మార్కెట్ అవతల ఉన్న మా గుడిలో శుక్రవారం కూడికకు ఒక్కో వీధి నుంచి ఒక్కో ఆమె తన వీధివాళ్ళ ప్రార్థన విన్నపాలు చీటీల మీద రాసి తెచ్చి చదువుతుంది. మా వీధికి ఆ బాధ్యత అమ్మది. పేరు, ఎక్కడుంటారు, ఏం బాధ, అంతే. (దేవుడికీ మా బాసుకూ పేజీలకు పేజీలు అవసరం లేదన్నమాట.) టీచర్ల ఇంట్లో కాగితానికి కరువుండదు కదా, పరీక్ష పేపర్లలో పిల్లలు రాయకుండా వదిలేసిన ఖాళీ కాగితాలను అమ్మ స్కేలు పెట్టి సమానంగా చింపి పెట్టేది. ఆమె అవే వాడేది, నేనూ అవే వాడేదాన్ని. ఆ గురువారం సాయంత్రం భోజనాల బల్లకు ఆ చివర అమ్మ, ఈ చివర నేను కూర్చుని రాసుకున్నాం. నేను గోడవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని రాశాను. ఆమె రబ్బరుబ్యాండు వేసి తన కట్టను బల్ల మీద పెట్టింది. నేనూ రబ్బరుబ్యాండు వేసి నా కట్టను బల్ల మీద పెట్టి, అన్నం తినడానికి లేచాను. తెల్లారి ఎవరి తొందరలో వాళ్ళం చెరో కట్టా తీసుకుని బయల్దేరాం.

శుక్రవారం పదకొండింటికి ఏం పోతది సార్ కళ్ళజోడు సర్దుకుని రబ్బరుబ్యాండు తీశాడు. నేను గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను. మొదటి చీటీ చదివి పక్కన పెట్టాడు. రెండోది చదివాడు. మొహంలో ఎప్పుడూ చూడని వెలుగు. పక్క గదిలోవాళ్ళను కూడా పిలిచి గట్టిగా చదవడం షురూ చేశాడు. "వినున్రి, వినున్రి. 'రత్నమ్మ. మోకాళ్ళు అరిగిపోయాయి. కింది వాటాలో ఉంటుంది. పై అంతస్తులో మనవడు ఏడుస్తాడు, మెట్లు ఎక్కలేదు.' అబ్బా! ఏం దయ్యమమ్మా ఇది! మెట్లు ఎక్కలేని దయ్యం! మీద పడి కరిచే దయ్యాలు గల్లీకి పది దొరుకుతయ్, గిది చూడున్రి, కింద కూసొని మీదికి చూస్తది, అంతే. నాకైతే ఒళ్ళు జలదరించింది." నాకు ఆయనకన్నా ఎక్కువ జలదరించింది. రత్నమ్మగారు మా పక్కింటావిడ. నిన్న పొద్దునే మాకు గోంగూర పచ్చడి ఇచ్చింది. ఆయన ఇంకో చీటీ తీశాడు. "'టైలరమ్మ. కొడుక్కి కంటి ఆపరేషన్. ఈ శుక్రవారం మధ్యాహ్నం. చాలా భయంగా ఉంది.' ఇదేందమ్మా, నీరెండ దేశంల ఆపరేషన్ ఏంది? ఇది జెర మార్చాలె..." అంటుంటే నేను ముందుకురికి ఆయన చేతిలోంచి చీటీలు లాక్కున్నాను. బాసు చేతిలోంచి లాక్కోవడం! "సార్, వీళ్ళు దయ్యాలు కాదు సార్, బతికే ఉన్నారు. నావాళ్ళు గుడిలో ఉన్నారు" అని మెట్లు దిగేశాను. ఆ మాట విన్నవాళ్ళు నా గురించి ఏమనుకున్నారో ఆ తర్వాత చాలాకాలం నాకు చెప్పలేదు.

ఆటోలో కూర్చున్నాక లెక్కలు కట్టుకున్నాను. కూడిక పదింటికి మొదలవుతుంది. పాటలు, బైబిలు వాక్యం అయ్యేసరికి పదకొండు, ఆ తర్వాత విన్నపాలు. ఒక్కో వీధివారి చీటీలు చదివి, ఒక్కోదానికి మోకాళ్ళూని ప్రార్థన చేసి, ఒంటిగంటకు ఉపవాసం విడుస్తారు. మా వీధి వంతు రాకముందే చేరితే కట్టలు మార్చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. మోండా మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఆటో ఆగిపోయింది. "మేడం, ముందల ఉల్లిగడ్డల లారీ అడ్డం పెట్టిన్రు, ఇగ ఇక్కడ్నే దిగున్రి" అన్నాడు ఆటో అతను. కొత్తిమీర కట్టల మధ్యనుంచి, టమాటా బుట్టల మీదనుంచి నేను పరుగెత్తిన పరుగు చూసి ఒక కూరగాయలామె "ఎవరన్న తరుముతున్నరా బిడ్డా?" అని అడిగింది కూడా. పన్నెండుమంది తరుముతున్నారని ఆమెకు ఏం చెప్పను?

గుడి మెట్లెక్కుతుండగానే అమ్మ గొంతు వినిపించింది. తరగతిలో డిక్టేషన్ చెప్పేటప్పటి గొంతు, స్పష్టంగా, ఒక్కో మాటా విడివిడిగా. "గవరయ్య. కోట వాకిలి దగ్గర కాపలా. నిద్ర లేదు. ఎడమ చెయ్యి లేదు. ఇంటికి పోవాలని ఉంది, దారి గుర్తు లేదు." నేను చెప్పులు విడిచి తలుపు దగ్గరే ఆగిపోయాను. పదిహేనుమంది ఆడవాళ్ళు చాప మీద మోకాళ్ళూని, కొంగులు తలమీదికి లాక్కుని ఉన్నారు. తిరుమలగిరి పెద్దమ్మ (నిజానికి ఆమె ఎవరికీ పెద్దమ్మ కాదు, వయసుకు అందరూ అలా పిలిచేవాళ్ళు) నిట్టూర్చి, "పాపం, మిలిట్రీ మనిషి అయ్యుంటడు. కోట దిక్కు డ్యూటీ పడ్డట్టుంది. దెబ్బ తగిలి యాదిమరుపు వచ్చింది. మా గల్లీల గిట్లాంటాయన ఒకాయన ఉండె" అంది. వెంటనే ఆమె ప్రార్థన మొదలుపెట్టింది: "తండ్రీ, గవరయ్యకు దారి సూపియ్యి నాయనా, వాకిలి కాడ ఎంతసేపని నిలబడతడు..." మిగిలినవాళ్ళు "ఆమేన్" అన్నారు. నేను కూడా అన్నాను, అలవాటు చొప్పున.

ఆపుదామని నోరు తెరిచాను. అప్పటికే అమ్మ తర్వాతి చీటీ తీసింది. చంద్రవ్వ, బావి దగ్గర ఉంటుంది, ఎంత తాగినా దాహం తీరదు, అటుగా పోయే పిల్లలందరినీ తన బిడ్డ పేరుతోనే పిలుస్తుంది. "షుగరే అది, పరీక్ష చేయించాలె" అని ఒకామె. "షుగరు సంగతి తర్వాత, ముందు బిడ్డ ఏమైందో" అని ఇంకొకామె కళ్ళొత్తుకుంది. ఆ తర్వాత వంట మల్లడు: వండుతూనే ఉంటాడు, తినేవాళ్ళు లేరు, చేతులు కాలినా తెలియదు. "ఇది సుత షుగరే, స్పర్శ పోతది" అని మొదటామె తేల్చేసింది. ఆ తర్వాత రెండు చీటీల్లో, ఒకే నీడ పంచుకునే అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, మాట్లాడుకోరు. నీడ దగ్గర ఎవరూ ఆగలేదు, మాట్లాడుకోరన్న దగ్గర మాత్రం అందరూ తలలూపారు. "ఇంటి వాటాల తక్రార్ అయ్యుంటది" అని చెప్పి, వాళ్ళ మనసులు కలపమని చాలాసేపు ప్రార్థించారు. నేను తలుపు పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాను. మొదట నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. తర్వాత ఎప్పుడో నవ్వు పోయింది. మూడు నెలలుగా నేను వాళ్ళ పళ్ళూ గోళ్ళూ గీశాను, నడక గీశాను, కళ్ళలో వెలుగు ఎంతుండాలో అంకెలు వేసి చూపించాను. వాళ్ళ కోసం ఒక్కరోజు కూడా ఏడవలేదు. ఈ ఆడవాళ్ళు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా, పేరు వినగానే ఏడుస్తున్నారు. కిటికీలోంచి ఎండ చాప మీద పడి, వాళ్ళ కొంగుల మీద దుమ్ము మెల్లగా తేలుతుంటే, నాకు నీరెండ దేశంలోనే ఉన్నట్టనిపించింది. గోడవారగా పన్నెండుమందీ నిలబడి తమ పేర్లు వస్తాయా అని వింటున్నట్టనిపించింది.

చివరి చీటీని అమ్మ రెండువైపులా తిప్పి చూసి చదివింది. "పేరు లేదు. ఎవరూ పిలవలేదు." అంతే ఉంది దాని మీద. (గురువారం సాయంత్రం దాకా ఆ దయ్యానికి పేరు తట్టక అలా రాసి వదిలేశాను, అదీ నిజం.) "పేరు లేకుంటే ఎట్ల చేస్తం?" అని ఎవరో గొణిగారు. తిరుమలగిరి పెద్దమ్మ "మనకు లేకుంటేంది, ఆయనకు తెల్వదా?" అని కళ్ళు మూసుకుంది. అప్పుడే వరండాలోంచి పప్పు తిరగమోత వాసన వచ్చింది. కూడిక నడిపే పాస్టరమ్మగారు ముగింపు ప్రార్థనకు లేచారు. నా చేతిలో రత్నమ్మగారి మోకాళ్ళున్నాయి, టైలరమ్మ కొడుకు కన్ను ఉంది. ఆ పిల్లాణ్ణి రెండింటికి లోపలికి తీసుకెళ్తారు. అమ్మ ప్రార్థన చేయిస్తుందన్న ధైర్యంతోనే టైలరమ్మ ఆస్పత్రి బయట కూర్చుని ఉంటుంది. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే నా ఉద్యోగం గుట్టుగా ఉంటుంది, వీళ్ళు అన్నం తిని ఇళ్ళకు పోతారు. ఆ ఒక్క క్షణంలో నాకు బీఎడ్ కాలేజీ గేటు, నల్లబోర్డు, చాక్‌పీసు దుమ్ము అన్నీ కనిపించాయి. అయినా లేచి నిలబడ్డాను.

"అమ్మగారూ, ఇప్పటిదాకా మీరు ప్రార్థన చేసినవాళ్ళు లేరు. వాళ్ళను నేనే పుట్టించాను. ఆటల కోసం. వాళ్ళు చచ్చిపోయారు, కానీ పూర్తిగా చావలేదు. అసలు చీటీలు ఇవిగో" అన్నాను ఒక్క గుక్కలో. ఇంతకన్నా అధ్వాన్నంగా చెప్పడం ఎవరివల్లా కాదు. పదిహేను కొంగులూ ఒక్కసారి నావైపు తిరిగాయి. పాస్టరమ్మగారు చాలా గంభీరంగా, "చూడమ్మా, చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మన సంఘంలో లేదు" అన్నారు. నేను తలవంచుకున్నాను. ఆమె ఇంకాసేపు ఆలోచించి, "పూర్తిగా చావలేదన్నావా?" అని అడిగారు. "లేదండీ." "అయితే ఫరవాలేదు" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. నావైపు చూడనూ లేదు. చెయ్యి చాపి నా దగ్గర కట్ట తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ కూర్చుంది. వరండాలోంచి ఎవరో అన్నం చల్లారిపోతుందని పిలిచారు. తిరుమలగిరి పెద్దమ్మ చాప మీదనుంచే, "అన్నం యాడికి పోతది? పొద్దుటి నుంచి ఆగినం, ఇంకో గంట ఆగితే ఏం పోతది? కూసోన్రి అందరు" అంది. ఏం పోతది! ఆ మాట ఆమె నోట వినేసరికి నేను నిలబడ్డచోటే ఉలిక్కిపడ్డాను. ఒక పూట అన్నం పోతది. వీళ్ళ మంత్రానికి పోయేది అదే. పేరు చెప్పాలి, బాధ చెప్పాలి, ఒక పూట కడుపు మాడ్చుకోవాలి, పక్కన ఇంకొందరు కూర్చోవాలి. మూడు నెలలుగా పొగలూ గంటలూ ఆకులూ పట్టుకుని తిరిగినదాన్ని, పుట్టినప్పటి నుంచి ప్రతి శుక్రవారం మా ఇంట్లో చూస్తున్నది ఎలా మర్చిపోయానో నాకిప్పటికీ తెలియదు.

రెండు దాటాక అన్నం తిని, నేనూ అమ్మా స్టేషన్ దాకా నడిచి, మల్కాజ్‌గిరికి లోకల్ రైలెక్కాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రైలు కదిలింది. ఆ తర్వాత, "పిల్లల పాఠాలకి బొమ్మలా?" అంది. "మూడు నెలలు నా కళ్ళలోకి చూసి అబద్ధం ఆడావు. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. తెలుసుకో." తెలుసుకున్నానని తలూపాను. "అయినా అమ్మా, ఆ చీటీలు చదివేటప్పుడు నీకు..." అని నేను నసిగేలోపే, "మొదటి చీటీకే తెలిసింది. ముప్ఫయ్యేళ్ళుగా పేపర్లు దిద్దుతున్నాను, నా కూతురి చేతిరాత నాకు తెలీదా?" అంది. తెలిసీ పన్నెండూ చదివిందా! "ఆపేద్దామనే అనుకున్నానే. టైలరమ్మ సంగతులవీ నాకు కంఠతా వచ్చు, చివర్లో నోటితో చెప్పేద్దామనుకున్నా. ఈలోపే నువ్వు లేచి నిలబడి ఊరంతా చాటావు. అన్నిటికీ తొందరే." "మరి ఎందుకు ఆపలేదమ్మా?" అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "ఇంటికి పోవాలని ఉంది, దారి గుర్తు లేదని రాశావు కదా. అది చదివాక ఆపబుద్ధి కాలేదు" అంది. రైలు మల్కాజ్‌గిరి దగ్గర నెమ్మదించాక లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "బీఎడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పేరు లేనివాడికి ఒక పేరు పెట్టు. పిల్లల్ని కని పేరు పెట్టకుండా వదిలేస్తారా ఎవరైనా?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. అమ్మ చూడనట్టే దిగిపోయింది. (ఆ సాయంత్రమే టైలరమ్మ ఫోన్ చేసింది, ఆపరేషన్ బాగా అయిందట.)

సోమవారం ఏం పోతది సార్ ఎదుట నిలబడ్డాను. "మీవాళ్ళు గుడినుంచి తిరిగొచ్చిన్రా?" అన్నాడు. చీటీలు బల్ల మీద పరిచాను. పన్నెండోదాని మీద పేరు కూడా ఉంది, అమ్మ ఒప్పుకున్నాకే రాశాను. చెప్పవలసిందంతా చెప్పాను. "ఏం పోతది?" అన్నాడు. "ఒక పూట అన్నం సార్. ఒక్కొక్కరికి ఒక్కొక్క పూట." ఆయన వేళ్ళు లెక్కపెట్టుకుని, "పన్నెండుమందికి పన్నెండు పూటలు. ఒక్కడే చేస్తే వాడు సస్తడు కదమ్మా" అన్నాడు. "చస్తాడు సార్. చచ్చి వీళ్ళలో కలిసిపోతాడు. అందుకే నీరెండ దేశంలో మంత్రం ఒక్కరు చెయ్యకూడదు, పదిమంది కూడాలి." ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, చీటీలను అటూ ఇటూ జరిపి చూశాడు. "గిది సిస్టమ్" అన్నాడు చివరికి. ఉద్యోగం ఉండిపోయింది. అమ్మ కోపం మాత్రం ఇంకో పదిహేనురోజులు ఉంది.

చాలా ఏళ్ళు గడిచాయి. ఆ మేడమీది కంపెనీ నుంచి పెద్ద కంపెనీకి, అక్కణ్నుంచి ఇంకా పెద్దదానికి వచ్చాను. ఇప్పుడు నా పేరు కింద మూడు మాటల పొడుగాటి హోదా ఉంది. నలభైమంది పిల్లలు నా కింద పని చేస్తారు, వాళ్ళు గీస్తారు. నేను పొద్దున పదింటికి ఒక మీటింగులో కూర్చుంటే సాయంత్రం ఆరింటికి ఇంకో మీటింగులోంచి లేస్తాను. కారు కంటోన్మెంటు గోడల పక్కనుంచే పోతుంది, ఆ సమయానికి నేను ఫోన్లో ఎవరికో జవాబు రాస్తూ ఉంటాను. అమ్మ రిటైరై, ఇప్పటికీ శుక్రవారం కూడికకు వెళ్తుంది. మొన్న ఒకరోజు సెలవు పెట్టి తోడుగా వెళ్ళాను. కొత్తగా సంఘంలో చేరిన ఒకావిడ నన్ను చూసి, అమ్మాయి ఏం చేస్తుందని అడిగింది. నేను నా పొడుగాటి హోదా చెప్పబోయాను. అమ్మ నన్ను ఆపి, గుడి అంతా వినేలా, డిక్టేషన్ గొంతుతో, "మా అమ్మాయి దయ్యాలు గీస్తుందండీ. చాలా బాగా గీస్తుంది, చూస్తే ఏడుపొస్తుంది" అంది. ఆవిడ బిత్తరపోయింది, మిగిలినవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. నేనొక దయ్యాన్ని గీసి నాలుగేళ్ళయిందని అమ్మకు ఇంకా చెప్పలేదు.